హుస్సేనప్ప అమ్ముడుపోలేదు

డ్రిల్లు మాస్టరంటే పిల్లల చేత చేతులు పైకెత్తించి దించేవాడని చాలామంది అనుకుంటారు. నేనూ అట్లాగే అనుకుని వనపర్తిలో ఉద్యోగంలో చేరాను. చేరిన రోజు నా చేతికి ఒక విజిలు, ఒక గాలిపంపు, కుట్లు ఊడిన ఒక తోలు ఫుట్‌బాలు ఇచ్చారు. గోలుస్తంభాలు ఎవరిదో పెళ్లి పందిట్లో ఉన్నాయని, పెళ్లయ్యాక వెళ్లి తెచ్చుకోమని చెప్పారు.

రిటైరయ్యేదాకా నా పని ఎక్కువభాగం అదే. పందిళ్ల నుంచి స్తంభాలు తెచ్చుకోవడం, మైదానంలోంచి మేకలను తోలడం, బంతికి గాలి కొట్టడం, ఆ గాలి ఆట అయిపోయేదాకా నిలవాలని దేవుడికి మొక్కడం. ఆట నేర్పడం వీటి నడుమ ఎప్పుడో దొరికే తీరిక. ఈ ఉద్యోగంలో కొత్తగా చేరేవాళ్లకు ఆట రూల్సు చెప్పే పుస్తకాలు చాలా ఉన్నాయి. అందులో లేనివి కొన్ని రాస్తాను. ఒక మనిషి పేరు మీద పడిన మచ్చ గురించి కూడా రాయాలి. అది పడేటప్పుడు నేను పక్కనే ఉన్నాను. చెప్పాల్సిన మాట నా నోట్లో ఉంది, బయటికి రాలేదు.

ఊరి జనం

బడిపిల్లలూ ఊరి పడుచువాళ్లూ కలిసి ఆడే జట్టును ఎంచేది డ్రిల్లు మాస్టరని కాగితం మీద ఉంటుంది. నిజానికి ఎంచేది ఊరు. కల్లు దుకాణం దగ్గర ఒక జట్టు, మసీదు ముందర అరుగు మీద ఒక జట్టు, తాలూకా కచేరీ మెట్ల మీద ఇంకొక జట్టు తయారవుతుంది. మూడు జట్లలోనూ డ్రిల్లు మాస్టరుకు మతిలేదన్న సంగతి ఒక్కటే కలుస్తుంది.

ఒకసారి నాగర్‌కర్నూల్‌కు ఆటకు పోతున్నాం. ఆటగాళ్లకు ఒక బండి, చూడటానికి వచ్చేవాళ్లకు నాలుగు బండ్లు. బయలుదేరినప్పటినుంచి ఆ నాలుగు బండ్లలో వాదన. ఫలానావాడు వెనక ఉండాలె, వాడు ముందర ఎందుకు, గోలుకీపరు చేతులకు ఎన్నపూస రాసుకున్నడా అని ఒకటే గోల. బిజినేపల్లిలో ఎద్దులకు నీళ్లు పెట్టే సమయానికి మా గోలుకీపరును వాళ్లు రెండుసార్లు తీసేసి ఒకసారి మళ్లీ పెట్టుకున్నారు. అతనికి కోపం వచ్చి, "మీరే ఆడుకోండ్రి," అని బండి దిగి, అక్కడున్న అత్తగారింటికి పోయాడు. పండుగ కాకున్నా అల్లుడు వచ్చాడని వాళ్లు కోడిని కోశారట. మేము గోలుకీపరు లేకుండా నాగర్‌కర్నూల్ చేరాం. ఏమైందో రాయనవసరం లేదు.

జనాన్ని ఆపలేరు. ఆటగాళ్ల బండిని మాత్రం వాళ్ల బండ్లకంటే చాలా ముందు కట్టండి.

పెద్దసారు

మా హెడ్మాస్టరు మంచివాడు. ఆట గురించి ఆయనకు ఒక్కటే అభిప్రాయం ఉండేది: చూడముచ్చటగా ఉండాలి. ఫోటోకు పదకొండుమందినీ ఎత్తు వరసన నిలబెట్టారు. ఆ వరస ఆయనకు ఎంత నచ్చిందంటే, మైదానంలో కూడా అట్లాగే నిలబడితే బాగుంటుందన్నారు.

"చివరన పొట్టివాడు గోలు దగ్గర వస్తాడు సార్," అన్నాను.

"రానీ. వరస చెడకూడదు."

ఆ ఒక్క ఆట నేను ఆయన మాట విన్నాను. బంతులన్నీ మా గోలుకీపరు తల మీదినుంచి పోయాయి. అతను ప్రతి బంతికీ ఎగిరాడు, పాపం. పైవాళ్లకు తెలియని విషయంలో వాళ్ల మాట వినడం వినయం కాదు, సోమరితనం. ఇది నాకు అప్పుడే తెలిసి ఉంటే తర్వాతి కథ ఉండేది కాదు.

పెబ్బేరు సంత

హుస్సేనప్ప మానవపాడులో పుట్టాడు. పీర్లకు మొక్కుకుంటే పుట్టిన కొడుకని ఆ పేరు పెట్టారు. తండ్రి పోయాక పెబ్బేరులో మేనమామ తిమ్మప్ప ఇంట్లో పెరిగాడు. తిమ్మప్ప పశువుల సంతలో దలాలి. మా జట్టును అతనికంటే ఎక్కువ ప్రేమించినవాడిని, అతనికంటే ఎక్కువ తిట్టినవాడిని నేను చూడలేదు.

ఆటలో ముందర అయిదుగురు ఉరుకుతారు, వెనక ఇద్దరు కాపలా ఉంటారు. నడుమ నిలబడి బంతి ఎవరికి పోవాలో తేల్చేవాడు సెంటర్ హాఫ్. బండికి ఇరుసు లాంటివాడు. ఆ ఏడు మాకు ఇరుసు లేదు. గడ్డిమోపు దించి వచ్చి ఉత్తకాళ్లతో ఆడుతున్న హుస్సేనప్పను నేను ఒక సాయంత్రం చూశాను. బంతి తన దగ్గరికి రాకముందే అది ఎటు పోవాలో చూసి పెట్టుకునేవాడు. అట్లాంటి చూపు నేర్పితే వచ్చేది కాదు.

నేను చూసింది చాలు. కానీ నేను సంతకు పోయాను. గద్వాలతో పెద్ద ఆట ఇంకా కొన్ని వారాలుంది. పిల్లవాడు నిలుస్తాడా లేదా అని సంతలో అప్పటికే పంచాయితీ నడుస్తోంది. గద్వాల తరఫున మాట్లాడేవాడు ఖాసీం సాబ్. కృష్ణ దాటి పుట్టిలో వచ్చి ఎద్దులూ, ఎద్దుల గిట్టలకు కొట్టే ఇనుప నాడాలూ అమ్మేవాడు.

"మానవపాడు మా దిక్కు," అన్నాడు ఖాసీం సాబ్. "పిల్లగాడు గద్వాలకే ఆడాలె."

"ఈనింది మానవపాడే. మేపింది పెబ్బేరు," అన్నాడు తిమ్మప్ప. "దూడ ఎవరిది సాబ్? ఈనిన కొట్టానిదా, గడ్డేసినోనిదా?"

"ఆవు ఎవరిదో దూడ వాళ్లది."

"ఆవు నా చెల్లె. ఇగ జెప్పు."

ఖాసీం సాబ్ ఇక సరుకులో లోపాలు వెతకడం మొదలుపెట్టాడు. "మెడ సన్నం. కాడి నిలువదు."

"ఆటల కాడి యాడిది?"

"గోలు పడ్డంక మెడ మీద పడేదేంది మరి? కాడి గాదా?"

"నెత్తిల రెండు సుడులున్నయ్, చూసిన్రా?" అన్నాడు పక్కనున్న రైతు. "రెండు సుడులు మంచియి గావు."

"రెండు సుడులుంటే రెండు పెండ్లిళ్లయితయ్. గోలుకు ఏం సంబంధం?" అన్నాడు తిమ్మప్ప. "నడక చూడు నడక. ఎనక కాలు సక్కగ ముందు కాలు అడుగుల పడ్తది. గిట్లాంటిది దూరం పోతది."

"మనిషికి ముందు కాలు ఏడుంటదే, తిమ్మప్పన్నా?"

"నీకు లేదేమో. మావోనికి ఉన్నది."

అందరూ నవ్వుతుంటే ఖాసీం సాబ్ హుస్సేనప్ప గడ్డం పట్టుకుని, "ఏది, పండ్లు?" అన్నాడు. పెద్దవాడు అడిగాడని హుస్సేనప్ప మర్యాదగా నోరు తెరిచాడు. ఖాసీం సాబ్ తల వంచి లోపలికి చూసి, పెదవి విరిచి, "ఇంకా లేత," అన్నాడు. ఆ మాట సంతంతా పాకింది. లేతట, ఖాసీం సాబ్ పండ్లు చూసిండట అని.

నేను కూడా అక్కడే ఉండి నవ్వాను. ఇంటికి వస్తుంటే మాత్రం, లేతేమో, దీనికి ఏదో ఒకటి చెయ్యాలి అనే పురుగు నా బుర్రలో దూరింది. ఏమీ చెయ్యనవసరం లేని ఆటగాడికి ఏదో ఒకటి చెయ్యాలనిపించడం మన వృత్తికి ఉన్న పెద్ద జబ్బు.

బూట్లు

ఆటకు పట్నం నుంచి ఒక పెద్ద అధికారి వస్తున్నారని తెలిసి హెడ్మాస్టరు నన్ను పిలిచారు.

"ఉత్తకాళ్లతో ఆడితే పరువేం కావాలి? అందరికీ బూట్లుండాలి."

అలవాటు లేనివాళ్లకు బూట్లు బరువవుతాయని నేను చెప్పాలి. చెప్పలేదు. కచేరీ జవాన్ల దగ్గరా తెలిసినవాళ్ల దగ్గరా పాత బూట్లు అడుక్కొచ్చాను. హుస్సేనప్ప పాదాలకు మాత్రం ఏవీ సరిపోలేదు. కొత్తవి కుట్టించాను. అడుగు నున్నగా ఉండి మొరం నేల మీద మొదటిరోజే జారిపడ్డాడు.

విలాయతీ బూట్ల అడుగున బొడిపెలు ఉంటాయని నేను బొమ్మలో చూశాను. అవి ఇక్కడ దొరకవు. అప్పుడు నాకు ఒక ఆలోచన వచ్చింది. ఎద్దు బండరాళ్ల మీద కూడా నిలదొక్కుకుని నడుస్తుంది కదా, అది నాడాల మహిమే అయి ఉండాలి అనుకున్నాను. నాడా కొట్టేది గిట్ట అరగకుండా ఉండటానికి, జారకుండా ఉండటానికి కాదు. పెబ్బేరులో ఎవరిని అడిగినా చెప్పేవాళ్లు. నేను అడగలేదు. అడిగితే సంగతి గద్వాలకు పొక్కుతుందని భయం, ఆటనాడు అందరూ ఆశ్చర్యపోవాలని నా ఆశ. ఆ ఆశ తీరింది.

హుస్సేనప్పను పిలిచి, "ఖాసీం సాబ్ దగ్గర నాడాలు కొనుక్కరా. ఎందుకని అడిగితే ఎద్దుకని చెప్పు. మీ మామకు కూడా చెప్పొద్దు," అన్నాను.

సంతలో బేరం నోటితో చెయ్యరు. తువ్వాల కప్పి, దాని కింద చేతులు పట్టుకుని, వేళ్లు నొక్కి ధర తేల్చుకుంటారు. పక్కనున్నవాడికి ఏమీ తెలియదు. హుస్సేనప్ప అట్లాగే ఖాసీం సాబ్ తువ్వాల కింద చెయ్యి పెట్టి నాడాలు తెచ్చాడు. ఆ తువ్వాలను చాలామంది చూశారు.

ఎద్దులకు నాడాలు కొట్టే మౌలాలి దగ్గరికి సంత లేని రోజు ఇద్దరం పోయాం. సంగతి విని మౌలాలి ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. తాడు తీశాడు.

"పండుకో బిడ్డా."

"ఎందుకు?" అన్నాడు హుస్సేనప్ప.

"పండబెట్టకుండ నాడ కొట్టుడు నాకు రాదు. చెయ్యి గట్లనే అలవాటైంది."

"బూట్లు ఇప్పి ఇస్త, వాటికే కొట్టు."

"ఖాళీ గిట్టకు నాడ కొట్టుడు నేను యాడ సూడలే," అన్నాడు మౌలాలి. "సారూ, జర నెత్తి పట్టుకోండ్రి."

హుస్సేనప్పను పండబెట్టి కాళ్లకు తాడు వేశాడు. నేను తల పట్టుకున్నాను. మౌలాలి తొడ మీద తట్టి, "హో, హో, కదలకు నాయనా," అంటూ మేకులు దిగ్గొట్టాడు. నవ్వాపుకోలేక హుస్సేనప్ప కదిలినప్పుడల్లా మేకు వంకర పోయింది. లేచి నిలబడ్డాక అతని నవ్వు ఆగింది.

"లోపల గుచ్చుకుంటున్నయ్ సారూ."

"కొత్త బూట్లు గట్లనే ఉంటయ్. గుడ్డపేలికలు పెట్టుకో. దారాలు జర వదులుగ కట్టుకో."

ఈ మాటలు అన్నది నేను. ఇంకొకటి కూడా అన్నాను: "ఈ నాడాల సంగతి ఎవరికీ చెప్పకు. పెద్దసారుకు తెలిస్తే నా నౌకరీ పోతది."

"చెప్ప సారూ," అన్నాడు.

ఆటనాడు

మొదట్లో నాడాలు మాకు పనిచేశాయి. వెనకనుంచి టకటక చప్పుడు వినిపిస్తే గద్వాలవాళ్లు గుర్రం వస్తోందనుకుని రెండుసార్లు పక్కకు జరిగారు. తర్వాత వాళ్లకు అది గుర్రం కాదని అర్థమైంది. గట్టినేల మీద ఇనుము ఎట్లా జారుతుందో నాకూ అర్థమైంది. హుస్సేనప్ప ఒక చోట ఆగాలనుకుని ఇంకొక చోట ఆగుతున్నాడు. అయినా వాడి చూపు పోలేదు. ఒక గోలు వాడి కాలు దగ్గర మొదలైనదే. చివరికి రెండు వైపులా సమానంగా ఉన్నప్పుడు, గోలుకు ఎదురుగా బంతి వాడికి దొరికింది. తిమ్మప్ప గీత మీద నిలబడి, "కొట్టు అల్లుడా!" అని అరిచాడు.

హుస్సేనప్ప బలంగా కొట్టాడు. బంతి అక్కడే ఉంది. బూటు పోయింది.

అది చక్కగా గోలు మూలకు పోయింది. గద్వాల గోలుకీపరు పక్కకు దూకి, దాన్ని గాల్లోనే పట్టుకుని, గుండెకు అదుముకుని కిందపడ్డాడు. జనం చప్పట్లు కొట్టారు. పట్నం అధికారి కూడా కొట్టారు. మా ఆటగాళ్లంతా బూటునే చూస్తుంటే, గద్వాలవాడొకడు బంతిని మెల్లగా నడిపించుకుంటూ పోయి మా గోలులో పెట్టి వచ్చాడు.

నేను పరుగెత్తింది ఆ బూటు దగ్గరికి. ఇంకెవరూ దాని అడుగు చూడకముందే గోలుకీపరు చేతుల్లోంచి లాక్కుని చొక్కా కింద పెట్టుకున్నాను. రెండోదాన్ని హుస్సేనప్ప తానే విప్పి, నా మాట గుర్తుపెట్టుకుని, తువ్వాలలో చుట్టేశాడు.

ఆట అయ్యాక జనం తీర్పు తయారుచేసుకున్నారు.

"దారం వదులుగ కట్టిండు. నేను కండ్లార చూసిన."

"ఖాసీం సాబ్ తువ్వాల కింద చెయ్యి పెట్టిండు. నేను సంతల చూసిన."

"ఇంకేంది మరి? అమ్ముడుపోయిండు."

తిమ్మప్ప మేనల్లుడి ముందుకు వచ్చాడు. "తువ్వాల కింద చెయ్యి పెట్టినవా?"

"పెట్టిన మామా."

"దారం వదులుగ కట్టినవా?"

"కట్టిన మామా."

"ఎందుకు?"

హుస్సేనప్ప నా దిక్కు చూశాడు. హెడ్మాస్టరు కూడా పక్కనే ఉన్నారు. నేను నేల చూశాను. ఆ నేల మీద చూడదగ్గది ఏమీ లేదు.

తువ్వాల మూటను ఇంకా గట్టిగా చంకన పెట్టుకున్నాడు. తిమ్మప్ప బండికి కట్టిన ఎద్దు వైపు తిరిగాడు. "ఓ ఎద్దూ, ఈనికి చెప్పు, బండెక్కుమని."

హుస్సేనప్ప ఆ తర్వాత బంతి ముట్టలేదు. ఖాసీం సాబ్‌ను ఎవరడిగినా మీసం దువ్వుకుని నవ్వేవాడు. మౌలాలి ఆ ఏడే రాయచూరు దిక్కు పోయాడు. మాట ఇచ్చిన హుస్సేనప్ప కాక, నిజం తెలిసినవాడిని ఊళ్లో నేనొక్కడినే మిగిలాను.

ఎద్దుతో మాటలు

తిమ్మప్ప మేనల్లుడితో ఎద్దు ద్వారానే మాట్లాడతాడని ఊళ్లో జోకులు వేసుకునేవాళ్లు. నేనూ నవ్వాను. రిటైరయ్యాక, పాడిబర్రె కొనడానికి పెబ్బేరు సంతకు పోతే తిమ్మప్ప భోజనానికి లాక్కుపోయాడు. కొట్టం పక్కనే విస్తర్లు వేశారు. తిమ్మప్ప జుట్టు నెరిసింది. సేద్యమంతా హుస్సేనప్పే చూసుకుంటున్నాడు.

"ఓ ఎద్దూ," అన్నాడు తిమ్మప్ప, ముద్ద కలుపుతూ, "ఈనికి చెప్పు, ఇంకింత పప్పు ఏసుకొమ్మని."

"చాలని చెప్పు," అన్నాడు హుస్సేనప్ప ఎద్దుతో.

ఎద్దు నెమరు వేస్తోంది. ఇది రెండో ఎద్దని, మొదటిదాన్ని అమ్మినప్పుడు ఇది వచ్చేదాకా ఇంట్లో మాటలే లేవని తిమ్మప్ప భార్య మెల్లగా చెప్పింది. ఆమె నవ్వుతూ చెప్పింది గానీ కండ్లు ఒత్తుకుంది. పదేళ్లకు పైగా ఒక ఇంట్లో ఇద్దరు మనుషులకు నడుమ నేను ఒక పశువును కట్టేసి ఉంచాను.

తర్వాతి సంతకు ఆ బూటు పట్టుకుని పోయాను. అన్నేళ్లూ ట్రంకుపెట్టె అడుగున దాచిందే. ఖాసీం సాబ్ కూడా ఆ రోజు తిమ్మప్ప అరుగు మీదే కూర్చున్నాడు. మొదటినుంచీ అన్నీ చెప్పాను. నా మాట, నాడాలు, మౌలాలి తాడు, దారాలు. చెప్తుంటే హుస్సేనప్ప మధ్యలో, "ఉండనియ్ సారూ, ఎప్పటి ముచ్చట," అన్నాడు. నేను ఉండనియ్యలేదు.

తిమ్మప్ప బూటు తీసుకున్నాడు. ఎద్దు గిట్టను చూసినట్టు తిరగేసి చూశాడు. నాడాను బొటనవేలితో రాశాడు. తర్వాత లోపల చెయ్యి పెట్టి, చటుక్కున తీసి, వేలు చప్పరించాడు.

"సాబ్," అన్నాడు, "నాడాలు అమ్మినవా?"

"అమ్మిన. ఎద్దుకన్నడు, ఇచ్చిన."

"మరి ఇన్నేండ్లు నోరెందుకు తెరవలే?"

"వనపర్తి సెంటర్ హాఫ్‌ను కొన్న దలాలి అని పేరొస్తే ఎవడన్న వద్దంటడా తిమ్మప్పన్నా? నాడాలు అందరూ అమ్ముతరు."

తిమ్మప్ప బూటును ఒళ్లో పెట్టుకున్నాడు. తర్వాత తల ఎత్తి, ఎద్దు వైపు కాదు, నేరుగా హుస్సేనప్ప మొహంలోకి చూశాడు.

"ఎద్దా! గీ మేకులేసుకోని గంతసేపు ఎట్ల ఉరికినవ్‌రా?"

హుస్సేనప్ప లేచి నిలబడ్డాడు. "నువ్వు గీత మీద నిలవడి సూస్తుంటివి గద మామా," అన్నాడు.

"కాలు సూపియ్."

"ఇప్పుడేముంటది మామా?"

"సూపియ్యమన్న గద!"

ఆ ముసలి దలాలి మేనల్లుడి పాదం పట్టుకుని, తిప్పి తిప్పి చూశాడు. లోపల తిమ్మప్ప భార్య గిన్నె కింద పెట్టిన చప్పుడు వినిపించింది. ఖాసీం సాబ్ అటు తిరిగి ముక్కు తుడుచుకున్నాడు. నేను లేచి, ఇక వస్తానని చెప్పాను.

తిమ్మప్ప నా వైపు చూడలేదు. మేనల్లుడి పాదం వదలకుండానే, కొట్టం వైపు తల తిప్పాడు.

"ఓ ఎద్దూ, ఆ సారుకు చెప్పు, మజ్జిగ తాగి పొమ్మని."

ఎద్దు నన్ను చూసింది. తాగుతానని దానికే చెప్పాను.